వాటా ఎవరిది, వాత ఎవరికి?

కంపెనీల విషయం వస్తే మన ఆర్థికవేత్తలూ న్యాయ నిపుణులూ ఒక చర్చ చాలా ఇష్టంగా చేస్తారు. డైరెక్టర్ల అధికారం మితిమీరిపోయిందా, వాటాదారుల హక్కులు కుదించుకుపోయాయా, ఈ ఇద్దరి మధ్య తూకం ఎలా కుదర్చాలి అని. స్త్రీల పత్రికకు ఈ గొడవ ఎందుకు, వాటాలున్నవాళ్లూ బోర్డుల్లో కూర్చునేవాళ్లూ తేల్చుకోవలసిన తగాదా కదా అని కొందరికి అనిపించవచ్చు. విశాఖపట్నంలో నిలబడి చూస్తే మాత్రం ఈ తగాదాయే ఒక కట్టుకథ అని అర్థమవుతుంది. ఈ ఊరి బతుకును కుదిపేసిన రెండు కంపెనీలను తీసుకోండి. ఒకటి విశాఖ ఉక్కు, అంటే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్. వాటాలన్నీ భారత రాష్ట్రపతివి. రెండోది 2020లో విషవాయువు వదిలిన ఎల్జీ పాలిమర్స్. వాటాలన్నీ దక్షిణ కొరియాలోని ఎల్జీ కెమ్‌వి. చట్టం అడిగిన సంఖ్య పూరించడానికి కాగితం మీద ఇంకా పేర్లు ఉంటే ఉండవచ్చు, అసలు వాటాదారు మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరే డైరెక్టర్లను నియమిస్తారు, ఆ ఒక్కరే తీసేస్తారు. తక్కెడకు రెండు పళ్లేలు ఉన్నప్పుడు కదా తూకం మాట!

చట్టం చెప్పే కథలో వాటాదారు యజమాని, డైరెక్టరు ధర్మకర్త. యజమాని సొమ్మును ధర్మకర్త కాజేయకుండా చూడటమే పాలనా సంస్కరణ. మన తెలుగువాళ్లకు ఈ కథ సత్యం కంప్యూటర్స్‌తో బాగా తెలిసింది. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. వాటాదారులు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సుమారు మూడు వారాలకే, 2009 జనవరి 7న, లెక్కలన్నీ అబద్ధాలని రామలింగరాజు స్వయంగా లేఖ రాశాడు. ఆ దెబ్బతో 2013 కంపెనీల చట్టంలో స్వతంత్ర డైరెక్టర్ల గురించీ, బంధువుల కంపెనీలతో జరిపే లావాదేవీల గురించీ, వాటాదారులు అందరూ కలిసి వేసే దావాల గురించీ సెక్షన్లు వచ్చాయి. అంటే డైరెక్టర్ల నుంచి వాటాదారును కాపాడటం ఎలాగో రాజ్యం త్వరగానే నేర్చుకుంది. మరి వాటాదారు నుంచి ఊరిని కాపాడటం ఎలాగో ఎందుకు నేర్చుకోలేదు?

ఉక్కు కర్మాగారం సంగతి చూద్దాం. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని ఊరూరా లేచిన ఉద్యమంలో 32 మంది చనిపోయారు. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా రాయి అక్కడే ఉంది, భూములు మాత్రం పోయాయి. 64 గ్రామాల ప్రజలు ఇరవై వేల ఎకరాలకు పైగా వదులుకున్నారు. 1982 ఫిబ్రవరి 18న కంపెనీ రిజిస్టరయింది. భూమి ఇచ్చినవాళ్లకు పరిహారం, ఉద్యోగం వస్తుందనే ఆశతో చేతిలో ఒక ఆర్ కార్డు. వాటా మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వవచ్చన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చినట్టు లేదు. పొలం ఇచ్చిన రైతు కంపెనీకి ‘నిర్వాసితుడు’ అయ్యాడు, డబ్బు పెట్టిన ప్రభుత్వం ‘యజమాని’ అయింది. పొలం పెట్టుబడి కాదట!

ఇక్కడ స్త్రీల లెక్క వేరే చూడాలి. పరిహారం పట్టా ఎవరి పేరున ఉంటే వారి చేతికి పోతుంది. ఆ భూములు సేకరించిన 1970లలో హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా లేదు. మన రాష్ట్రంలో కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చిన సవరణ చట్టం 1986లో వచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. అప్పటికి ఆ 64 ఊళ్లలో పంచుకోవడానికి భూమి ఎక్కడుంది? అది కంపెనీ ఆస్తి అయిపోయింది. హక్కు వచ్చేసరికి ఆస్తి పోయింది. నాట్లు వేసి, కోతలు కోసి, పశువులను సాకి, ఊరి బంజరులో పుల్లలు ఏరి ఇల్లు నడిపిన ఆడవాళ్లకు ఆ శ్రమకు ఏ రిజిస్టరులోనూ ఖాతా లేదు. నిర్వాసిత కాలనీల నుంచి బయల్దేరి అదే గేటు లోపలికి ఊడ్చేవాళ్లుగా, మొక్కలకు నీళ్లు పోసేవాళ్లుగా, క్యాంటీన్లలో గిన్నెలు తోమేవాళ్లుగా, టౌన్‌షిప్ ఇళ్లలో పాచిపని చేసేవాళ్లుగా వెళ్లారు. కాంట్రాక్టరు చేతి కింద కొందరు, ఏ చేతి కిందా లెక్కకు రాకుండా కొందరు. డైరెక్టర్లకూ వాటాదారుకూ మధ్య అధికారం ఎలా పంచుకోవాలి అని చర్చించే ఏ పుస్తకంలోనూ వీళ్ల ప్రస్తావన రాదు. వీళ్లు కంపెనీకి ‘బయటివాళ్లు’.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గపు ఆర్థిక వ్యవహారాల సంఘం ఈ కంపెనీలో నూటికి నూరు శాతం వాటాలను, యాజమాన్య అధికారంతో సహా అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఊరికి ఈ సంగతి ఫిబ్రవరి 3న పెట్టుబడుల ఉపసంహరణ శాఖ కార్యదర్శి పెట్టిన ఒక ట్వీట్ ద్వారా తెలిసింది. ఇది కంపెనీ బోర్డు చేసిన నిర్ణయం కాదు, వాటాదారు తన ఇంట్లో కూర్చుని చేసుకున్న నిర్ణయం. మార్చి 8న ఆర్థిక మంత్రి లోక్‌సభకు ఇచ్చిన సమాధానం చూడండి: రాష్ట్ర ప్రభుత్వానికి ఈ కంపెనీలో ఈక్విటీ వాటా లేదు, అవసరమైన విషయాల్లో సంప్రదిస్తున్నాం అని. చట్టం ప్రకారం అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే దారుణం. కోట్లాది మంది ఎన్నుకున్న రాష్ట్ర శాసనసభ 2021 మే 20న అమ్మవద్దని తీర్మానం చేస్తే, వాటా లేని పక్కింటివాళ్ల అభిప్రాయం కింద జమ అయిపోయింది. శాసనసభ గతే అదైతే, అగనంపూడి కాలనీలో ఆర్ కార్డు పెట్టెలో దాచుకున్న ముసలమ్మ గతి ఏమిటో వేరే చెప్పాలా?

నష్టాలు వస్తున్నాయి కాబట్టి అమ్ముతున్నాం అన్నారు. నష్టాలు నిజమే. విస్తరణ కోసం చేసిన అప్పులూ వాటి వడ్డీలూ నిజమే. అయితే ఈ కర్మాగారానికి పుట్టినప్పటి నుంచీ సొంత ఇనుప ఖనిజం గని లేదు. స్టీల్ అథారిటీకి ఉన్నాయి, టాటాకు ఉన్నాయి, విశాఖకు లేవు. ఖనిజాన్ని ఎక్కువగా ఎన్ఎండీసీ దగ్గర బజారు ధరకు కొనుక్కోవాలి. ఎన్ఎండీసీలో పెద్ద వాటాదారు ఎవరు? అదే కేంద్ర ప్రభుత్వం. అదే ఉక్కు మంత్రిత్వ శాఖ కింద రెండు కంపెనీలూ. ఒక జేబులో లాభం వేసుకుని, రెండో జేబు చిరిగిందని ఊరంతా చూపించడం ఇది. గనుల ఆశతో విశాఖ కంపెనీ 2011లో 361 కోట్లు పెట్టి ఈస్టర్న్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే సంస్థలో 51 శాతం కొంది. దాని కింద ఉన్న ఒరిస్సా గనుల లీజులు కదల్లేదు, ఖనిజం రాలేదు. ఉత్తరప్రదేశ్‌లోని లాల్‌గంజ్‌లో, అంటే రాయబరేలి జిల్లాలో, రైలు చక్రాల కర్మాగారం కట్టింది కూడా ఈ కంపెనీ డబ్బుతోనే. విశాఖలో బొగ్గుకూ ఖనిజానికీ డబ్బుల్లేని కంపెనీ రాయబరేలిలో చక్రాలు ఎవరి ముచ్చట కోసం చేసింది? బోర్డు స్వతంత్రంగా ఆలోచించే బోర్డు అయితే ఈ ప్రశ్న ముందు అక్కడే లేవాలి.

లేవదు. ఎందుకంటే ఆ బోర్డును కూర్చోబెట్టింది వాటాదారే. ప్రభుత్వ డైరెక్టర్లు అదే మంత్రిత్వ శాఖ అధికారులు. కంపెనీ చట్టం 112వ సెక్షన్ ప్రకారం వాటాదారుల సమావేశానికి రాష్ట్రపతి తన తరపున ఒక ప్రతినిధిని పంపవచ్చు. ఆ వచ్చేది కూడా అటునుంచే. బల్లకు ఈ పక్కా ఆ పక్కా ఒకే శాఖ. బోర్డు వాటాదారుకు జవాబు చెప్పడమంటే మనిషి అద్దంలో చూసుకుని తనకు తానే జవాబు చెప్పుకోవడం లాంటిది. 2025 జనవరి 17న 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అందులో 10,300 కోట్లు ఈక్విటీ, మిగతా 1,140 కోట్లు పాత అప్పును ప్రిఫరెన్సు వాటాలుగా మార్చడం. కంపెనీకి ఊపిరి వచ్చింది, కాదనను. కానీ 2021 నాటి అమ్మకం నిర్ణయం రద్దయిందన్న మాట ఆ ప్రకటనలో లేదు. ప్యాకేజీ వెనకే కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు వచ్చాయి. 2025 మేలో వాళ్లు సమ్మెకు దిగారు. వాటాదారు డబ్బు పోస్తే మొదట కోత పడేది ఎక్కడో ఈ ఊరి ఆడవాళ్లకు బాగా తెలుసు. కాంట్రాక్టు పనుల్లో అట్టడుగున ఉండేది వాళ్లే.

ఇక రెండో కంపెనీ. ఇది 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా పుట్టింది, 1997లో ఎల్జీ చేతికి వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్ రోజుల్లో, స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీదికి పాకింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలో ఉన్న పిల్లలను భుజాన వేసుకుని పరిగెత్తిన తల్లులు దారిలోనే పడిపోయారు. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి సంఘం ఆ జులైలో నివేదిక ఇచ్చింది. యాజమాన్యం నిర్లక్ష్యమే కారణమంది. ఊరిని లేపవలసిన సైరన్ మోగనే లేదని చెప్పింది. అంతకు ఏడాది ముందు, 2019 మేలో, తాము చేస్తున్న ఉత్పత్తికి సరైన పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే ప్రమాణ పత్రంలో ఒప్పుకుని ఉంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు కట్టమంది. హైకోర్టు మే 22న కర్మాగారాన్ని సీజ్ చేయమని, డైరెక్టర్లు పాస్‌పోర్టులు అప్పగించి దేశం దాటకుండా ఉండాలని ఆదేశించింది. జులైలో ప్రధాన అధికారినీ, డైరెక్టర్లనూ కలిపి పన్నెండు మందిని అరెస్టు చేశారు.

బాగానే ఉంది. డైరెక్టర్ల పాస్‌పోర్టులు తీసుకున్నారు. వాటాదారు పాస్‌పోర్టు? దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. అది సియోల్‌లో ఉంది. లాభం వచ్చిన ఏడాది వాటాదారు, విషం వచ్చిన రాత్రి పరాయివాడు. ఇక్కడి డైరెక్టర్లను నియమించిందీ, ఎంత ఖర్చు పెట్టాలో చెప్పిందీ, లాభం లెక్క చూసుకున్నదీ తానే అయినా, బాధ్యత మాత్రం పెట్టిన డబ్బు వరకే. దీన్నే ‘పరిమిత బాధ్యత’ అంటారు. 2024 జులైలో ఎల్జీ కెమ్ పెద్ద విశాఖ వచ్చి బాధితుల కోసం 120 కోట్ల సహాయం ప్రకటించాడు. నాలుగేళ్ల తర్వాత వాటాదారు ఊళ్లోకి వచ్చాడు, అదీ బాకీదారుగా కాదు, దాతగా. బాకీ అయితే అడిగే హక్కు మనది. దానమైతే దండం పెట్టవలసిన పని మనది.

తెలుగులో ఇలాంటి వాటాదారును ‘మాతృ సంస్థ’ అంటున్నారు. ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ, తల్లితనాన్ని ఇంత చవక చేసిన మాట ఇంకోటి లేదు. బిడ్డ తప్పు చేస్తే వీధిలో తలవంచుకునేది తల్లి. పెంపకం బాగాలేదని లోకం వేలెత్తి చూపేది తల్లినే. ఈ తల్లి మాత్రం బిడ్డ సంపాదన తీసుకుంటుంది, బిడ్డ చేసిన హత్య తనకు తెలియదంటుంది. దీనికి ‘పితృ సంస్థ’ అని పేరు పెట్టి ఉంటే కాస్త నిజానికి దగ్గరగా ఉండేది.

అసలు ఈ పరిమిత బాధ్యత చరిత్రలోనే మన కథ ఉంది. 1896లో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు ఇచ్చిన సాలమన్ కేసును ప్రపంచమంతా కంపెనీ చట్టం పునాదిరాయి అంటారు. కంపెనీ వేరు, దాని వాటాదారు వేరు అని అందులో తేల్చారు. ఆరన్ సాలమన్ చెప్పుల వ్యాపారి. ఆనాటి చట్టం ఏడుగురు సభ్యులు కావాలంది. ఆయన 20,001 వాటాలు తన పేరున పెట్టుకుని, మిగతా ఆరూ భార్యకూ, కూతురికీ, నలుగురు కొడుకులకూ తలా ఒకటి ఇచ్చాడు. అంటే కంపెనీ చట్టంలో స్త్రీ మొదటి నుంచీ ఉంది, సంఖ్య పూరించడానికి. ఇవాళ మన ఊళ్లలో ఎన్ని కుటుంబ కంపెనీల్లో భార్యలు, కోడళ్లు ‘డైరెక్టర్లు’ కారు? సంతకం చేయమన్నచోట చేస్తారు. చెక్కు చెల్లనప్పుడు సమను వస్తే తాను డైరెక్టరునని అప్పుడు తెలుస్తుంది. విశాఖ ఉక్కు వాటాలు రాష్ట్రపతివి అన్నాను కదా, 2022 జులై నుంచి ఆ పదవిలో ఉన్నది ఒక ఆదివాసీ స్త్రీ. కాగితం ప్రకారం ఈ కర్మాగారపు ఏకైక యజమానురాలు. ఆ పేరును బట్టి గేటు బయట ఒక్క ఆర్ కార్డుకైనా కదలిక వచ్చిందా?

2013 చట్టం 149వ సెక్షన్‌లో పెద్ద కంపెనీల బోర్డులో కనీసం ఒక్క స్త్రీ ఉండాలన్నారు. మనలో కొందరు దీన్ని విజయమని పండగ చేసుకున్నారు. ఆ ఒక్క స్త్రీని ఎవరు ఎంపిక చేస్తారు? అదే వాటాదారు. సత్యం బోర్డులో కూడా ఒక స్త్రీ ఉంది, మంగళం శ్రీనివాసన్. మేటాస్ గొడవ తర్వాత మొదట రాజీనామా చేసిన స్వతంత్ర డైరెక్టరు ఆమే, వ్యతిరేక ఓటు వేయనందుకు నైతిక బాధ్యత తీసుకుంటున్నానని చెప్పి. ఆమెను నేను నిందించను. ఎనిమిది మంది మగవాళ్ల మధ్య ఒక్కరిని కూర్చోబెట్టి, వెనక ఎవరినీ నిలబెట్టకుండా, ధైర్యం చూపించమనడం అన్యాయం. తన వెనక ఓటర్లు ఉన్న డైరెక్టరు వేరు, తన పైన నియామకదారు ఉన్న డైరెక్టరు వేరు.

చట్టంలో మనకు పనికొచ్చే ముక్కలు లేకపోలేదు. 166వ సెక్షన్ రెండో ఉపవిభాగం డైరెక్టరు కంపెనీ, దాని ఉద్యోగులు, వాటాదారులు, సమాజం, పర్యావరణం అందరి మేలూ చూసి పనిచేయాలంటుంది. వాటాదారుతో పాటు ఉద్యోగులూ ఊరూ అందులో ఉన్నారు. చదివితే ముచ్చటేస్తుంది. కానీ డైరెక్టరు ఆ పని చేయకపోతే దావా వేసే దారి ఎవరికి ఇచ్చారు? 245వ సెక్షన్‌లో సభ్యులకూ డిపాజిటుదారులకూ ఇచ్చారు. ఉద్యోగికి లేదు, వెంకటాపురానికి లేదు. విధి ఐదుగురి పట్ల, తలుపు తట్టే హక్కు మాత్రం డబ్బు పెట్టినవాళ్లకే.

కంపెనీ వాటాదారుల సొంత ఆస్తి మాత్రమే కాదని, కంపెనీ మూసేసే కేసులో కార్మికుల మాట వినాలని మన సుప్రీంకోర్టు 1982 చివరలోనే నేషనల్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ కేసులో చెప్పింది. విశాఖ కంపెనీ రిజిస్టరయిన ఏడాదే. అంతకు ముందు 1976లో రాజ్యాంగంలో 43ఏ అధికరణం చేర్చి, పరిశ్రమల యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యానికి రాజ్యం చర్యలు తీసుకోవాలన్నారు. అదే 1976లో జర్మనీ చట్టం చేసి, రెండు వేల మందికి పైగా పనిచేసే కంపెనీల పర్యవేక్షక బోర్డులో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులకు ఇచ్చింది. మన దగ్గర 1990లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టి, ఇరవై నాలుగేళ్లు దాన్ని చలిమంచులో ఉంచి, 2014లో వెనక్కి తీసుకున్నారు. కార్మిక సంఘాలు కూడా దానికోసం గట్టిగా పట్టుబట్టలేదు. బోర్డు గదిని శత్రువు గది అనుకోవడం ఒక కారణం. ఆ గదిలోకి వెళ్లే ప్రతినిధి పర్మనెంటు కార్మికుడే అవుతాడనీ, కాంట్రాక్టు స్త్రీకి అక్కడ కూడా చోటుండదనీ మనకున్న అనుమానం ఇంకో కారణం. ఆ అనుమానం ఊరికే రాలేదు.

అందుకే మనం అడగవలసింది ‘ఒక స్త్రీ డైరెక్టరు’ కాదు. ప్రమాదకర పరిశ్రమలూ, ప్రభుత్వ కంపెనీలూ ఉన్నచోట, భూమి ఇచ్చిన గ్రామాల నుంచీ, చుట్టుపక్కల బస్తీల నుంచీ, కాంట్రాక్టు కార్మికులు సహా పనిచేసేవాళ్లందరి నుంచీ ఎన్నికైన డైరెక్టర్లు ఉండాలి. వాళ్లలో సగం స్త్రీలు ఉండాలి. వాళ్లను తీసేసే హక్కు వాటాదారుకు ఉండకూడదు. 166వ సెక్షన్ కింద కోర్టు తలుపు తట్టే హక్కు వాళ్లకు ఓటు వేసినవాళ్లకు ఉండాలి. నూరు శాతం వాటా ఉన్న కంపెనీ మనుషుల ప్రాణాలు తీసినప్పుడు పరిమిత బాధ్యత అనే గొడుగు తీసేయాలి. వాటా నూరు శాతమైతే బాధ్యత కూడా నూరు శాతం. ఇలా అయితే పెట్టుబడి రాదు అంటారు. ఊరివాళ్ల ప్రాణాలు పణంగా పెట్టకపోతే రాని పెట్టుబడి రాకపోతేనే మంచిది.

చట్టం మారేదాకా ఆగనవసరం లేని పని కూడా ఒకటుంది. విశాఖ ఉక్కు ఇప్పటికీ ప్రభుత్వ కంపెనీ, సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. అమ్మేసిన రోజున రిజర్వేషన్లతో పాటు ఈ హక్కు కూడా పోతుంది. 2021 జనవరికి ముందు ఏడాది బోర్డు సమావేశాల్లో అమ్మకం మాట ఎప్పుడైనా వచ్చిందా, వస్తే ఏ డైరెక్టరు ఏమన్నాడు? లాల్‌గంజ్ కర్మాగారానికి తీర్మానం చేసిన రోజున ఎవరైనా వ్యతిరేకించారా? పెండింగులో ఉన్న ఆర్ కార్డుల్లో స్త్రీల పేరున ఉన్నవి ఎన్ని? 2024 నుంచి తొలగించిన కాంట్రాక్టు కార్మికుల్లో స్త్రీలు ఎందరు, ఏ విభాగాల్లో? దరఖాస్తు ఫీజు పది రూపాయలు. గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి బస్తీల్లోని మహిళా సంఘాలు ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్న వేసినా చాలు, ముప్పై రోజుల్లో కంపెనీ జవాబు చెప్పాలి.